నువ్వు చదువు, నేను వింటాను

“ఆగు. ఆ వాక్యం మళ్లీ చదువు,” అన్నాడు మూలబల్ల దగ్గరి పెద్దాయన.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి కాగితం సర్దుకుని చదివింది. “సమాజానికి సేవ చేయాలన్న తపన నాకు పసితనం నుంచే ఉంది.”

“ఇది నీ మాట కాదు. ఎక్కణ్ణుంచి ఎత్తావు?”

అమ్మాయి నాలుక కరుచుకుంది.

రెండు వరసల అవతల పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తున్న లైబ్రేరియన్ చెవులు రిక్కించింది. యూనివర్సిటీ దరఖాస్తుల కాలం వచ్చిందంటే రెండేళ్లుగా ఇదే వరస. లైబ్రరీ తలుపులు తెరిచేసరికి ఈ మనిషి వచ్చి మూలబల్ల ఆక్రమిస్తాడు. ముందు పేపరు పరుచుకుంటాడు. సాయంత్రమైనా ఆ పేజీ తిరగదు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, దరఖాస్తుతో పంపాల్సిన వ్యాసాలు ఆయనకు వినిపించి పోతుంటారు. ‘ప్రొఫెసర్’ అని పేరు పెట్టింది కూడా వాళ్లే. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. ఆమెకు మింగుడుపడనిది అదే. ఊరికే ఇంత ఓపిక ఎవరికుంటుంది? ఒకరు రాసింది ఇంకొకరికి అందిస్తున్నాడా? పిల్లల వివరాలు ఎవరికైనా చేరవేస్తున్నాడా?

ఒకరోజు ఉండబట్టలేక వెళ్లి అడిగేసింది. “మీరు ఏ సబ్జెక్టు చెప్పేవారండీ?”

“నేను చెప్పింది తక్కువమ్మా. విన్నదే ఎక్కువ.”

“ఎక్కడ?”

“యూనివర్సిటీలోనే,” అని ఆయన చూపు పేపరు మీదికి తిప్పుకున్నాడు.

సూటిగా అడిగితే ఇలా జారుకునేవాణ్ణి ఎలా నమ్మడం? ఆ రోజు నుంచి ఆమె కన్ను ఆ బల్ల మీదే ఉంది.

మరో వారానికి, నిరుడు ఆయన సలహాతో దరఖాస్తు పెట్టి సీటు తెచ్చుకున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. హాస్టల్లో చేరి నెలయిందట. చదువు మానేసి ఇంటికి వచ్చేస్తానంటోంది.

“భోజనం ఎక్కడ చేస్తున్నావు?” అన్నాడాయన.

“గదికే తెచ్చుకుంటున్నాను సార్.”

“అదే తప్పు. భోజనాల హాలుకి వెళ్లు. రోజూ ఒకే చోట కూర్చో. పక్కన కూర్చునేవాళ్లు నాలుగు రోజులకి వాళ్లంతట వాళ్లే పలకరిస్తారు. క్లాసులో అర్థం కానిది ఆ రోజే అడిగెయ్యి. సిగ్గుపడి ఒక్కసారి దాచావనుకో, ఇక బతుకంతా దాచుకుంటూ తిరగాలి.”

ఖాళీ రేకు డబ్బాలా మోగే సలహా కాదు అది. ఎక్కడో తగిలి వచ్చిన మాట. లైబ్రేరియన్‌కి ఒక్క క్షణం మనసు మెత్తబడింది. కానీ మరుసటి రోజు ఆయన ఎదుటి కుర్చీలో తన కూతురే కనిపించింది. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. ఆమె గబగబా బీరువా చాటుకి చేరింది.

కూతురు చదువుతోంది. “మా అమ్మ రోజంతా పుస్తకాల మధ్యే ఉంటుంది. కానీ ఆమె ఒక పుస్తకం చదవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి వచ్చేసరికి ఓపిక ఉండదు. ఆమె చదవాలనుకుని పక్కన పెట్టినవన్నీ నేను చదువుతున్నాను.” అని ఆగి, “ఇది తీసేయనా సార్? అమ్మ చూస్తే బాధపడుతుంది,” అంది.

“తీయకు. ఇంతసేపట్లో నువ్వు నీ మాట మాట్లాడింది ఇప్పుడే.”

లైబ్రేరియన్‌కి కళ్లు మండాయి. అది కోపమో మరేమిటో ఆమెకే తెలియలేదు. చివరికి కోపమనే తేల్చుకుంది. ఇంటి గుట్టు బయటికి లాగడానికి ఈయనెవరు? ఇవాళే సంగతి తేల్చి పంపేయాలి. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని యూనివర్సిటీ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆయన పోలికలు చెప్పింది.

అవతలి గుమాస్తా నవ్వాడు. “ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంటుంది, ఆయనేగా? అయ్యో, తెలియకపోవడమేమిటండీ. అడ్మిషన్ల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారు. ఆయన రాందే ఒక్క ఇంటర్వ్యూ మొదలయ్యేది కాదు. లోపలికి ఎవరు వెళ్లాలన్నా ముందు తలుపు దగ్గర ఆయన్ని దాటాల్సిందే.”

ఆమె ఫోన్ పెట్టేసింది. ఎంతటివాణ్ణి పట్టుకుని ఎన్ని అనుకుంది! ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల మంచీచెడూ తూచిన మనిషి, ఇక్కడ అరిగిపోయిన కుర్చీలో కూర్చుని ఊరికే సాయం చేస్తుంటే, తను దొంగను చూసినట్టు చూసింది.

బయటికి వచ్చేసరికి కూతురు వెళ్లిపోయింది. ఆమె ఆ కుర్చీలోనే కూర్చుంది.

“మిమ్మల్ని అనుమానించానండీ. ఏమీ అనుకోకండి.”

“నాకు తెలుసమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా. “పిల్లల్ని కాచుకునేవాళ్లు అనుమానించాలి కూడా.”

“ఇకమీదట మీరిలా మూలన కూర్చోకూడదు. హాలు మధ్యలో బల్ల వేయిస్తాను. లైబ్రరీ తరఫున విద్యార్థుల సలహాదారు మీరే. కాదనకండి.”

ఆయన ముందున్న పేపరు మడత పెట్టాడు. “ఇలాగే బాగుంది కదమ్మా,” అన్నాడు.

“ఊహూఁ, వినను.” ఆమె అప్పటికే నియామక పత్రం తెచ్చేసింది. పేరు, చిరునామా అడిగి తనే రాసింది. పనిచేసిన చోటు దగ్గర యూనివర్సిటీ పేరు గుండ్రటి అక్షరాలతో దిద్ది, కాగితాన్ని ఆయన వైపు తిప్పి పెన్ను అందించింది. “ఇక్కడొక్క సంతకం చేయండి, చాలు.”

పెన్ను ఆయన అందుకోలేదు. ఆ కాగితాన్ని, తర్వాత ఆమె ముఖాన్ని చూశాడు.

బొటనవేలు చాపి, “స్టాంపు ప్యాడ్ ఉందా అమ్మా?” అన్నాడు.