లోపలికి తెరుచుకునే తలుపు

సుత్తి దెబ్బలు షెడ్డు బయటికి వినిపిస్తున్నాయి.

విక్రమ్ కారు దిగి లోపలికి పరుగెత్తాడు.

ఆగస్టు ఎండకు షార్జాలోని ఆ రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. మధ్యలో నల్లచెక్కతో కట్టిన చిన్న ఇల్లు. ఉత్తరాన నార్వే కొండల్లో మంచు మీద స్కీయింగ్‌కు వెళ్లే ఒక అరబ్బు ధనికుడి కోసం విక్రమ్ ఏడాదిపాటు గీసి, చెరిపి, మళ్లీ గీసిన ఇల్లు. బండల మీద నిలబడేలా ఉక్కు కాళ్లు. మంచు జారిపోయేలా నిటారు కప్పు. లోయ వైపు నిలువెత్తు అద్దం. ఇక్కడ బిగించి చూసి, ముక్కలుగా విప్పి, ఓడలో పంపాలి.

లారీ గేటు దగ్గర సిద్ధంగా ఉంది.

ఇంటికున్న ఒకే ఒక్క తలుపు ముందు హన్మంతు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన వడ్రంగి. పనిలో చేరి నెల కూడా కాలేదు.

బందులు పీకేశాడు. చట్రాన్ని ఉలితో చెక్కేశాడు. బయటికి తెరుచుకోవాల్సిన తలుపు ఇప్పుడు లోపలికి తెరుచుకుంటోంది.

"ఎవడు మార్చమన్నాడు నిన్ను?"

"మూడు దినాల సంది చెప్తున్న గద సార్. దర్వాజ బయటికి తెరిస్తే మనుషులు సస్తరు. బయట మంచు పడ్డదంటే ఎంత నూకినా రాదు."

"లోపల చోటు లేదని బయటికి పెట్టాను. మంచు గురించి నువ్వు నాకు చెప్తావా? ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడైనా చూశావా?"

"తెలుసు సార్."

"ఎలా తెలుసు?"

హన్మంతు తల దించుకున్నాడు.

విక్రమ్ చెయ్యి చాచి కొట్టాడు. హన్మంతు పెదవి చిట్లింది. మళ్లీ కొట్టాడు. హన్మంతు తల వెళ్లి చట్రానికి తగిలింది.

అతను చెయ్యి ఎత్తలేదు. నేల మీది స్క్రూ తీసుకుని, మిగిలిన ఒక్క రంధ్రంలో పెట్టాడు.

అదే విక్రమ్‌కు ఒళ్లు మండించింది.

పక్కనున్న చెక్క బద్ద అందుకుని ఆ చేతి మీద బలంగా కొట్టాడు. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు షెడ్డులో అందరికీ వినిపించింది.

కడప నుంచి వచ్చిన ఫోర్‌మన్ నూర్ మొహమ్మద్ పరుగున వచ్చి విక్రమ్ నడుం పట్టుకుని వెనక్కి లాగాడు.

"బస్ సార్, బస్! సచ్చిపోతాడు!"

హన్మంతు కుడిచెయ్యి వేలాడుతోంది. ఎడమచేత్తో ఆ చివరి స్క్రూ బిగించి, అప్పుడు కూలబడ్డాడు.

చట్రం చెక్కేశాక వెనక్కి మార్చే వీలు లేదు. ఇంకోటి చేయించే వ్యవధి లేదు. ఓడ వెళ్లిపోతుంది. ఇల్లు ఆ తలుపుతోనే లారీ ఎక్కింది.

పని పాడు చేశాడని విక్రమ్ ఫిర్యాదు రాసిచ్చాడు. అందరూ ముదీర్ అని పిలిచే కంపెనీ మేనేజరు దాన్ని పూర్తిగా చదవను కూడా లేదు.

"ఖలాస్. పంపించెయ్."

వారం తిరక్కుండానే, చేతికి పిండికట్టుతో హన్మంతు జగిత్యాల వెళ్లిపోయాడు.

జనవరిలో ఇల్లు అప్పగించడానికి విక్రమ్ ఆ ఇంటి యజమానితో కలిసి నార్వే వెళ్లాడు. తలుపు అక్కడికెళ్లాక మార్పిద్దామనుకున్నాడు కానీ కుదరలేదు.

రెండు రోజులు తుఫాను. మూడో రోజు కొండ పైనుంచి మంచు విరుచుకుపడింది.

నిలువెత్తు అద్దం ఒక్కసారిగా పేలింది. మంచు, గాజుపెంకులు కలిసి గదిలోకి దూసుకొచ్చాయి. యజమాని నుదురు చీలి ముఖమంతా నెత్తురు. పొయ్యి గొట్టం విరిగి పొగ కమ్ముకుంది. అద్దం వైపు మంచు గోడకట్టినట్టు గట్టిపడిపోయింది.

దగ్గుతూ, పాకుతూ విక్రమ్ తలుపు దగ్గరికి చేరాడు. రెండు చేతులతో లోపలికి లాగాడు.

తెరుచుకుంది.

ఎదురుగా పైదాకా మంచే. కానీ చేతికి అందే మంచు. విక్రమ్ వంట పెనంతో తవ్వాడు. పెనం వంగిపోతే గోళ్లతో తవ్వాడు. గంట తర్వాత చిన్న కంతలోంచి ఆకాశం కనిపించింది. గాలి లోపలికి వచ్చింది.

ఆసుపత్రిలో యజమాని అతని చేతులు కళ్లకద్దుకున్నాడు.

"తలుపు లోపలికి పెట్టాలని నీకు తట్టింది చూడు! నా ప్రాణం నిలబెట్టావు."

విక్రమ్ చేతులు వెనక్కి లాక్కున్నాడు.

దుబాయ్ చేరిన మర్నాడే షెడ్డుకు వెళ్లి, నూర్ మొహమ్మద్‌ని హన్మంతు నంబరు అడిగాడు.

"ఇప్పుడా సార్ గుర్తొచ్చింది?" అన్నాడతను. అయినా ఇచ్చాడు.

ఫోను హన్మంతు భార్య కిష్టవ్వ ఎత్తింది.

"ఆయన లేడు సార్. ఛాతీల నొప్పొచ్చి పోయిండు. ఇరవై దినాలాయె."

విక్రమ్ గోడకు ఆనుకున్నాడు.

"అమ్మా, ఆయన చెయ్యి విరగ్గొట్టింది నేనే."

ఆమె ఫోను పెట్టేస్తుందేమోనని గబగబా అన్నాడు.

"ఆయన మార్చిన తలుపు వల్లే ఈ రోజు నేను బతికున్నాను. మంచు సంగతి ఆయనకెలా తెలుసమ్మా? అడిగితే చెప్పలేదు."

"ఎవలకు చెప్పకపోతుండె సార్," అంది కిష్టవ్వ మెల్లగా. "దుబాయ్ రాకముందు కశ్మీర్ దిక్కు సొరంగం పనికి పోయిండు. ఆడ కూలోళ్ల షెడ్డు మీద మంచు కూలింది. లోపలున్న తొమ్మిదిమంది దెబ్బలు తగిలి సావలే సార్. దర్వాజ తెరవరాక, గాలాడక సచ్చిండ్రు."

"ఆయన కూడా లోపలే ఉన్నాడా?"

"లేడు సార్. ఆ షెడ్డుకు బయటికి తెరిచే దర్వాజ బిగించింది ఆయనే."