కాటా దగ్గర మాట్లాడకూడదు

“చెప్పులు బయటే విడిచాను. మాట మాత్రం లోపలికొచ్చి చెప్పి పోతాను,” అంటూ దేవకుమారి గుమ్మం దాటింది.

కెప్టెన్ రామకాంత్ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. గుంటూరు శివారులోని మిరపకాయల షెడ్డు నుంచి నేరుగా వచ్చిందేమో, కొంగంతా ఎర్రటి దుమ్ము. ఆమె దగ్గరికి రాగానే ఆయన రెండుసార్లు తుమ్మాడు.

ఇరవై ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసిన చేతులవి. ఇప్పుడామె ఆ షెడ్డుకే మేస్త్రీ. ఒక్కగానొక్క కూతురు లిడియా కో-పైలట్ అయిన రోజు షెడ్డులో నలభై మందికీ లడ్లు పంచింది. అదే షెడ్డులో నిన్న తొడిమలు తీసే మౌలాబీ, “మీ అమ్మాయి విమానం పడేయబోయిందటగా, అక్కా?” అని అందరి ముందూ అడిగింది. తెల్లవార్లూ నిద్రపట్టక, పొద్దున్నే ఈ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది దేవకుమారి.

నెల కిందటి సంగతి. జోరున వాన. ఒకదాని వెనక ఒకటిగా విమానాలు బయల్దేరే హడావిడి. ఎత్తు చూపించే మీటరులో ఏ రోజుకారోజు గాలి ఒత్తిడి అంకె మార్చుకోవాలి. పైలట్లిద్దరికీ చెరో మీటరు ఉంటుంది. ఆ ఉదయం లిడియా మీటరులో పాత అంకే ఉండిపోయింది. విమానం నడుపుతున్నదీ ఆమే. మీటరు చూపిన ఎత్తుకన్నా విమానం చాలా కిందనే ఎగిరింది. ఆ కిందనే మరో విమానం అడ్డంగా వస్తోంది. నేల మీద రాడార్ చూస్తున్న మనిషి గట్టిగా హెచ్చరించబట్టి అందరూ బతికి బయటపడ్డారు. సోమవారం విచారణ. లిడియా లైసెన్సు ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలిపోతుంది.

“పక్కన మీరున్నారు కదండీ,” అంది దేవకుమారి. “మా షెడ్డులో కాటా దగ్గర ఒకరు బరువు చదివితే, రెండోవాళ్లు ఆ అంకె పైకి చెప్పాకే బస్తా దించుతారు. తొడిమలు తీసుకునేవాళ్లకున్న జాగ్రత్త మీకు లేదా?”

“ఉండాలమ్మా. ఆమె అంకె నేను, నా అంకె ఆమె చదవాలి. ఆ రోజు చదవలేదు.”

“మరి తప్పు ఇద్దరిదైతే శిక్ష నా పిల్లకేనా? పెద్దవాళ్లని వదిలేసి, కొత్తగా వచ్చిన దాని మెడకి చుడతారా? దానికి తండ్రి లేడని, అడిగేవాళ్లు రారనుకున్నారా?”

రామకాంత్ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న యూనిఫాం వైపు చూశాడు. దాని మీద పల్చగా దుమ్ము పట్టింది. నెల రోజులుగా తననూ విమానం ఎక్కనివ్వడం లేదని, సోమవారం తనకూ విచారణ ఉందని మెల్లగా చెప్పాడు.

దేవకుమారి గొంతు కాస్త తగ్గింది గాని కోపం తగ్గలేదు. ఆయన భార్య తెచ్చిచ్చిన మంచినీళ్లు ఎత్తి పోసుకుని తాగింది.

“ఏదో దేవుడు చల్లగా చూశాడు,” అన్నాడాయన.

“ఊరికే చూశాడా? నా కూతురు విమానం ఎక్కే ఏ రోజూ నేను ప్రార్థన మానలేదు. ఆ రోజు లారీ వేళకన్నా ముందే వచ్చి, సరుకు దింపించేసరికి అరగంట ఆలస్యమైంది. అయినా మానానా? ఆలస్యమైనందుకు ఇంకాస్త ఎక్కువసేపే చేశాను.”

దేవకుమారి ఇంట్లో అన్నం మధ్యలో లేచినా ఊరుకుంటారు గాని, ప్రార్థన మధ్యలో లేస్తే ఊరుకోరు. లిడియాకు మూడేళ్లప్పటి నుంచీ అదే అలవాటు.

రామకాంత్ ఏదో అనబోయి ఆగిపోయాడు. అది ఆమె కళ్లబడింది.

“ఏదో దాస్తున్నారు మీరు. నా పిల్ల మతిమరుపుది కాదు. ఆ నిమిషంలో దాని మనసు ఎక్కడికి పోయింది?”

“వద్దమ్మా. ఆ అమ్మాయినే అడగండి.”

“అడిగాను. నాదే తప్పు అంటుంది, తలొంచుకుంటుంది. మీరు చెప్పేదాకా నేనిక్కడి నుంచి కదలను.”

“ఫోన్ వచ్చింది,” అన్నాడాయన.

దేవకుమారి అప్పుడు కూర్చుంది.

“కట్ చెయ్యమన్నాను. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది. సరిగ్గా అప్పుడే రేడియోలో ఆ రోజు అంకె చెప్పారు. నాది నేను మార్చుకున్నాను. ఆమె తలూపితే మార్చిందనుకున్నాను. ఫోన్ వచ్చిందని తనే కాగితం మీద రాసిచ్చింది. ఎవరు చేశారో మాత్రం రాయలేదు. ఎంతమంది అడిగినా చెప్పలేదు.”

“వాడెవడు?” దేవకుమారి ముక్కుపుటాలు అదిరాయి. “కాటా దగ్గరున్న మనిషిని పలకరించిందని మొన్న ఒకదాన్ని షెడ్డులోంచి బయటికి పంపేశాను. మిరపకాయలకే అంత కట్టడి పెడితే, అంతమంది ప్రాణాలు చేతిలో ఉన్న పిల్లకి ఆ టైములో ఫోన్ చేస్తాడా? వాడికి బుద్ధుందా? వాణ్ని దాచి ఇది ఉద్యోగం పోగొట్టుకుంటుందా? వాడు దొరకాలి గాని, ఈ మిరపకాయల చేత్తోనే వాడి మొహం కడుగుతాను.”

“ఊరుకోండమ్మా.”

“ఊరుకోను. ఏం మాట్లాడింది వాడితో?”

“ఏమీ మాట్లాడలేదు. వింటూ కూర్చుంది.”

“పెట్టేసేటప్పుడైనా ఒక మాట అని ఉంటుంది కదా. పక్కనే ఉన్నారు, మీకు వినపడకుండా ఉండదు. ఏమంది?”

రామకాంత్ ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

“‘ఆమెన్’ అందమ్మా.”