గోడలు మీవి, పాఠాలు మావి

డెలానీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. చదువు రెండోసారి కూడా మధ్యలో ఆగిపోతుందేమోనని. మొదటిసారి కూతురు ఒపల్ కడుపున పడ్డప్పుడు ఆగింది. ఈసారి ఆపడానికి యూనివర్సిటీ అధికారి డాక్టర్ విట్లాక్ పెద్ద క్యాంపస్ నుంచి స్వయంగా కారేసుకుని వచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం కావస్తుండగా, కాలేజీ కింది వరండాలో, పిల్లని చంకనేసుకుని ఆమె ఆయనకి అడ్డం నిలబడింది.

"ఒక్క ఏడాది సార్. ఒక్క ఏడాది ఆగితే మా నర్సింగు అయిపోతుంది."

ఆయన వాచీ చూసుకున్నాడు. పన్నెండింటికి పై హాల్లో కౌంటీ పెద్దల సభ. ఆ సభలో లేచి నిలబడి, ఈ బ్రాంచి మూసేస్తున్నామని ఆయన తన నోటితో చెప్పాలి. చెబితే ఎండాకాలానికల్లా తాళం. ఇవాళ చెప్పకపోతే, బిల్డింగు కౌంటీది, చదువు యూనివర్సిటీది అన్న పాత ఒప్పందం దానంతటదే ఇంకో ఏడాది సాగుతుంది. ఈ సంగతి ఊళ్లో గోధుమ లారీ తోలేవాళ్లకి కూడా తెలుసు.

"మీ క్లాసులో ఎంతమంది?"

"తొమ్మిదిమందిమి సార్."

"తొమ్మిదిమందికి ఇంత బిల్డింగా! పైన కప్పు కారుతోంది, చూశావా?"

"దాన్ని బాగు చేయించడానికి మీ వాటా ఇమ్మని కౌంటీవాళ్లు అడుగుతూనే ఉన్నారు కద సార్."

"గోడలు మీవి, పాఠాలు మావి. కప్పు గోడల మీదే కదా ఉండేది? మీరే చూసుకోండి."

"పాఠాలు కూడా ఒక్కొక్కటే తీసేస్తున్నారు సార్. సైన్సు తీసేశారు, లెక్కలు తీసేశారు. ఇంక పిల్లలు ఎందుకొస్తారు?"

"నువ్వు పెద్ద క్యాంపస్‌కి వచ్చెయ్."

"రెండున్నర గంటల దారి సార్. పాపనెవరు చూస్తారు?"

విట్లాక్ నవ్వి, ఒపల్ బుగ్గ మీద వేలితో చిన్నగా తట్టాడు. "అది కనకముందు ఆలోచించుకోవాల్సింది, అమ్మాయ్."

డెలానీ చెవులు భగ్గుమన్నాయి. ఆమె నోరు తెరిచేలోపే సైరన్ మోగింది.

ఊరంతా అదిరేలా, గాలిలో పైకి లేస్తూ, కిందికి పడుతూ ఒకటే ఊళ. బయట మబ్బు పట్టి ఉంది. దుమ్ము కార్ల మీదుగా దొర్లిపోతోంది. విట్లాక్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఆయన సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు. ఈ మైదానాలకి వచ్చి మూడు వారాలైనా కాలేదు.

"ఏంటది? ఏంటా మోత?"

డెలానీ ఆ మొహం వంక చూసింది. భయపడ్డ మొహం ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రోజూ అద్దంలో చూసేదే.

"సుడిగాలి వస్తే మోగేది ఇదే సార్. కిందికి రండి, తొందరగా!"

ఆయన ఆమెని దాటుకుని మెట్లు దిగాడు. చేతిలోని సంచీ మెట్ల మీదే జారవిడిచాడు. కింద, నేలమాళిగలో, సిమెంటు గది. ఒక బల్ల, నీళ్ల డబ్బాలు, బిస్కట్ల పెట్టె, ఇనప తలుపు.

"గట్టిదేనా ఇది?"

"కౌంటీ కట్టించింది సార్. గోడలు మావే కదా."

"ఫోను పలకట్లేదే!"

"ఇంత లావు గోడల్లో పలకదు సార్."

"మిగతావాళ్లేరీ?"

"ముసలివాళ్లు సార్, నెమ్మదిగా దిగుతారు. మీరు మాత్రం సైరన్ మళ్లీ మోగేదాకా తలుపు తియ్యకండి. మధ్యలో అంతా సద్దుమణిగినట్టే ఉంటుంది. నమ్మొద్దు. అప్పుడు బయటికొచ్చినవాళ్లనే ఎత్తుకుపోతుంది."

"సరే సరే. గడియేది?"

"లోపలి వైపే ఉంది సార్."

అక్కడ డెలానీ ఒక్క క్షణం ఆగింది. పిల్లతో లోపలికి రమ్మంటాడేమోనని చూసింది. రమ్మని ఉంటే ఆమె నిజం చెప్పేసి ఉండేదేమో. తల్లీపిల్లా ఇంకా గుమ్మం బయటే ఉండగానే తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆమె ఒపల్‌ని ఇంకో చంకకి మార్చుకుని నింపాదిగా మెట్లెక్కింది. దారిలో ఆయన సంచీ తీసి, ఎవరి కాలికీ తగలకుండా గోడవారగా పెట్టింది.

పై హాల్లో ఎవరూ కుర్చీల్లోంచి కదల్లేదు. మాంసం, క్యాబేజీ కూరిన బన్నులు తింటూ కబుర్లాడుకుంటున్నారు. కౌంటీ పెద్ద మెర్ల్ మూతి తుడుచుకుని టోపీ సర్దుకున్నాడు.

"సైరనయింది, మొదలెడదాం. ఏరీ మన డాక్టరుగారు? మూసేస్తామన్న మనిషేడీ?"

మళ్లీ పిలిచాడు. కప్పులో కాఫీ చల్లారేదాకా చూశాడు.

"చెప్పాల్సినాయన రాలేదు. ఒప్పందం ఇంకో ఏడాది సాగుతుంది. అంతే!" అని బల్ల మీద చరిచాడు. హాలంతా చప్పట్లు.

సందడి తగ్గాక మెర్ల్ అడిగాడు. "డెలానీ తల్లీ, ఆయన్ని ఎక్కడైనా చూశావా?"

"చూశాను తాతా. సైరన్ విని కంగారుపడ్డారు."

"కంగారెందుకు? ప్రతి నెలా మొదటి బుధవారం పన్నెండింటికి, పనిచేస్తోందో లేదోనని మోగించి చూసుకుంటాం. అంతేకదా! ఆయనకెవరూ చెప్పలేదా?"

"పాఠాలు చెప్పేది వాళ్లు కదా తాతా," అంది డెలానీ, ఒపల్ నోటికి బన్ను ముక్క అందిస్తూ. "నేనెవర్ని చెప్పడానికి?"

ఆ సైరన్ మళ్లీ మోగేది వచ్చే నెల మొదటి బుధవారం. ఈలోగా మీలో ఎవరైనా అటుగా వెళ్తే, ఆ ఇనప తలుపు తట్టి, ఆయన ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి.