టాంకరు సాక్ష్యం

"ఇక్కడ సాక్షి సంతకం పెట్టు రాజం. నోటీసుకు జవాబు సిద్ధం."

మా గని నీళ్లతో పక్క ఊరి బావులు పాడయ్యాయని కాలుష్య నియంత్రణ మండలి మా కంపెనీకి నోటీసిచ్చింది. ఇలాంటి వాటికి జవాబు రాయడంలో నన్ను మించినవాడు ఆఫీసులో లేడని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

రాజం కంపెనీ నీళ్ల టాంకరు డ్రైవరు. ఆ ఊరివాడే.

"ఏం రాసిన్రు సార్?"

"రెండే ముక్కలు. మీ బావుల్లో నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, తాగొచ్చు. అయినా కంపెనీ మూడేళ్లుగా మీ ఊరికి రోజూ నాలుగు టాంకర్ల మంచినీళ్లు పంపుతోంది."

రాజం పెన్ను అందుకోబోయి ఆగాడు.

"బాయి నీళ్లు మంచిగుంటే, నేను రోజూ ఎవ్వలకు తోలుతున్న సార్?"

అప్పుడు తట్టింది నాకు. వారం రోజులు కూర్చుని, మా తప్పు మేమే ఒప్పుకునే జవాబును చక్కటి ఇంగ్లీషులో రాశాను.

"ఒక ముక్క కొట్టేస్తే సరిపోతుంది" అంటూ స్కేలు తీశాను.

"ఏ ముక్క సార్?"

నేను టాంకర్ల వాక్యం మీద గీత గీశాను.

"గట్లయితే నా సంతకం అక్కెరలేదు గదా" అని రాజం తాళంచెవి తీసుకున్నాడు. "పోతున్న సార్. ఊర్ల బిందెలు లైన్ల వెట్టుకోని సూస్తుంటరు."

టాంకరు గేటు దాటేదాకా కిటికీలోంచి చూశాను. పదకొండేళ్లలో నేను రాసిన జవాబులన్నింటిలో నిజమైన వాక్యం అదొక్కటే. దాన్ని స్కేలు పెట్టి మరీ కొట్టేశాను.