పద్నాలుగో నంబరును పంపేయండి

మూడు కావడానికి ఇంకా ఇరవై అయిదు నిమిషాలున్నాయి. కిరాణా దుకాణం వెనక కారాపుకుని, మఫ్లరు నోటి దాకా చుట్టుకుని, అతను మళ్లీ రేడియోకు ఫోను చేశాడు.

రేడియో వాళ్లకు అతను వాల్ట్. మూడు వారాలుగా రోజూ ఇదే పని, ఇదే పాట.

"వచ్చాడండీ మన వాల్ట్ తాత," అన్నాడు రస్టీ. డెట్రాయిట్‌లో బాస్కెట్‌బాల్ కబుర్లన్నీ మధ్యాహ్నం పూట అతని కార్యక్రమంలోనే నడుస్తాయి. "చెప్పు తాతా. పద్నాలుగో నంబరు ఆటగాడి మీద ఇవాళ కొత్త తిట్లేమైనా ఉన్నాయా, పాతవేనా?"

"పాతవే చాలు. పోర్ట్‌లాండ్ జట్టు వాళ్లు వాడిని అడుగుతున్నారు. బదులుగా ఇరవై రెండేళ్ల కుర్రాడిని ఇస్తామంటున్నారు. మూడు దాటితే ఈ సీజన్‌కి ఇక ఆటగాళ్ల మార్పిళ్లు లేవు. ఇంకా నానుస్తారేంటి? ముప్పై నాలుగేళ్లొచ్చాయి వాడికి. ఈ చలికి పొద్దున్నే మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి."

"నువ్వు గానీ వాళ్లింటి మెట్ల కింద కాపురముంటున్నావా?"

స్టూడియోలో నవ్వులు. వాల్ట్ నవ్వలేదు. కారు ఇరుకు. మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి.

"వాడికీ వెళ్లాలనే ఉందేమో, రస్టీ."

"ఉంటే వాడే అడుగుతాడుగా."

"ఎలా అడుగుతాడయ్యా? బయట నోరు విప్పితే లీగ్ వాళ్లు జరిమానా వేస్తారు. లోపల అడిగితే, చూద్దాంలే అని భుజం తడతారు."

పక్క సీట్లో రెండో ఫోను వెలిగింది. కూతురు తలియా. ఎనిమిదేళ్ల పిల్ల, పోర్ట్‌లాండ్‌లో తల్లి దగ్గర ఉంటుంది. అక్కడ మంచు పడి బడికి సెలవట. 'వాళ్లింకా చెప్పలేదా?' అని రాసి, కింద ఫొటో పెట్టింది. మోకాళ్ల దాకా జారిన పద్నాలుగో నంబరు చొక్కా వేసుకుని నిలబడి ఉంది. పద్నాలుగంటే ఆ పిల్లకు ప్రాణం. ఈసారి మీ ఊరి జట్టుకే, ఖాయం అని అతనే తొందరపడి మాటిచ్చేశాడు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడం అతని చేతిలో లేదు.

"లైన్లో బెర్నిస్ ఉంది," అన్నాడు రస్టీ. "కాచుకో తాతా."

"ఏవయ్యా వాల్ట్, నీకు వేరే పనేం లేదా?" అందుకుంది బెర్నిస్. "నేను బడి వంటగదిలో పని చేస్తాను. నిరుడు మా పిల్లల కోర్టులో బుట్టకి వల చిరిగిపోతే, స్టూలెక్కి కొత్తది కట్టిందెవరనుకున్నావు? నువ్వు తిడుతున్న ఆ పద్నాలుగే."

"ఫొటోల కోసం కట్టుంటాడు."

"ఫొటోలు తీసేవాళ్లెవరూ లేరు నాయనా. అక్కడున్నది నేనొక్కదాన్నే. స్టూలు పట్టుకున్నది కూడా నేనే."

వారం నుంచీ ఇదే వరస. మొదట్లో అతనితో కలిసి తిట్టినవాళ్లే ఇప్పుడు పద్నాలుగును వెనకేసుకొస్తున్నారు. అతను ఒకటి అంటే పదిమంది పది మంచి మాటలు మోసుకొస్తున్నారు. ఎక్కడ తప్పు చేశాడో తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు చివరికి. "వాడిని పోనివ్వండి."

బెర్నిస్ కిలకిలా నవ్వింది. రస్టీ ప్రకటనలు వేశాడు.

మూడయింది. అయిదు నిమిషాలకు డెట్రాయిట్ జట్టు మేనేజరే రేడియోలోకి వచ్చాడు.

"పోర్ట్‌లాండ్ వాళ్లిస్తానన్నది మంచి బేరమే," అన్నాడు. "నిజం చెప్పాలంటే నిన్నటిదాకా ఒప్పుకుందామనే అనుకున్నాం. కానీ మీ కార్యక్రమం మేమూ వింటున్నాం కదా. ఆ వాల్ట్ తిట్టినకొద్దీ ఊరు ఊరంతా పద్నాలుగు వెనక నిలబడింది. అలాంటివాణ్ణి ఎలా వదులుకుంటాం? వాడు ఎక్కడికీ వెళ్లడు. వాల్ట్ వింటుంటే ఆయనకి మా అందరి తరఫునా థాంక్స్."

వాల్ట్ రేడియో కట్టేశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. మఫ్లరు తీసి వెనక సీట్లో పడేసి, పోర్ట్‌లాండ్‌కు ఫోను చేశాడు. సగం మోగకముందే తలియా ఎత్తింది.

"పంపడం లేదు తల్లీ."

"ఎందుకు?"

"ఇక్కడివాళ్లకి పద్నాలుగంటే చాలా ఇష్టమట."

"నాక్కూడా ఇష్టమేగా."

అటునుంచి ముక్కు ఎగబీల్చుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అయితే నాన్నా, ఈ ఏడాది కూడా నువ్వు ఆడేది నేను టీవీలోనే చూడాలా?"