లీటరుకు పద్దెనిమిది

“మీ మీటరు అబద్ధాలు చెబుతోందమ్మా. అదీ నా దగ్గర.”

ఇన్‌స్పెక్టరు కారు తాళాలు సర్వీస్ సెంటరు కౌంటరు మీద టప్పున పెట్టాడు. కౌంటరు అమ్మాయి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

“లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు వస్తున్నట్టు చూపిస్తోంది. నేను ట్యాంకు నిండా కొట్టించి, మళ్ళీ నిండా కొట్టించి లెక్కేశాను. పదమూడు కూడా రావట్లేదు. ఒకసారంటే పొరపాటు అనుకోవచ్చు. నెలల తరబడి ఇదే వరస.”

“ఏ బండిలోనైనా కాస్త ఎక్కువే చూపిస్తుంది సార్. అది అంచనాయే కదా.”

“కాస్త అంటే ఒకటో, అరో. ఇంత తేడానా? తూకంలో ఇంత కొట్టేస్తే నేను షాపు మూయించేస్తాను.”

ఉత్త మాట కాదది. ఆయన ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. ఆయన బజారులో అడుగుపెడితే చాలు, అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న కొట్లన్నీ గప్‌చుప్ అయిపోతాయి. ఇంటికి కూరలు కొనుక్కోవడానికి వెళ్ళినా అంతే. కూరలమ్మి భయంకొద్దీ నాలుగు వంకాయలు కొసరు వేస్తుంది, ఆయన వాటిని ఏరి మళ్ళీ గంపలో పడేస్తాడు. బాగున్నారా అని ఆమె అడగదు, ఈయనా అడగడు.

“పోనీ బంకువాళ్ళు తక్కువ పోస్తున్నారేమో?” అంది ఆ అమ్మాయి.

“ఆ పంపుకు సీలు వేసింది నేనే. మొన్న మళ్ళీ కొలత క్యాను పెట్టి పట్టి చూశాను. చుక్క తేడా లేదు. ఇక మిగిలింది మీ మీటరొక్కటే. చూడమ్మా, నన్ను మోసం చేసింది మనిషైనా మిషనైనా తేల్చుకోకుండా ఇక్కణ్ణుంచి కదలను. నా సర్వీసులో ఒక్కణ్ణి వదిలిపెట్టిన పాపాన పోలేదు.”

ఇలాంటి మొండిఘటాలు ఆ అమ్మాయికి కొత్తేమీ కాదు. “పదండి సార్, నడిపి చూద్దాం. నేనూ వస్తాను,” అని లేచింది.

ముందు సీట్లో గొడుగు, ఆఫీసు సంచీ, టిఫిను డబ్బా తీరిగ్గా కాపురం చేస్తున్నాయి. ఆయన వాటిని వెనక్కి చేర్చి, సీటు చేత్తో దులిపాడు. ఎదురుగా ఉన్న బంకులో ట్యాంకు నిండా కొట్టించారు. బండి కదలగానే ఏదో కుయ్ కుయ్‌మంటూ మోగసాగింది.

“విన్నావా? ఇదో కొత్త రోగం. ఈ బండి కొన్నాక ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు.”

“రోగం కాదు సార్. నేను బెల్టు పెట్టుకోలేదు. ఈ సీట్లో మనిషి కూర్చుంటే మోగుతుంది.”

ఆమె బెల్టు పెట్టుకుంది. చప్పుడు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని గేరు మార్చాడు.

దారిలో ఆ అమ్మాయి మాటల మధ్యలో వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తింది. ఆయన అన్నీ గుచ్చి గుచ్చి అడిగాడు. ఏ మోకాలు, మెట్లు ఎక్కగలదా, నిద్ర పడుతోందా అని. వెనక్కి తిరగాల్సిన కూడలి వచ్చింది. ఆయన తిప్పలేదు. దూరం పెరిగితే లెక్క నికరంగా వస్తుందంటూ తర్వాతి కూడలి దాకా పోనిచ్చాడు. అక్కడా తిప్పలేదు.

తిరిగొచ్చి అదే పంపు దగ్గర మళ్ళీ నిండా కొట్టించి లెక్కేశారు. పద్దెనిమిదికి పిసరంత తక్కువ వచ్చింది.

“మీ మీటరు నిజమే చెబుతోంది సార్.”

“పక్కన నువ్వున్నావని బుద్ధిగా ఉందిలే,” అన్నాడాయన ముఖం ముడుచుకుని.

ఆమె నవ్వేసింది. ఆ నవ్వు మధ్యలోనే ఏదో తట్టినట్టుంది. “రాత్రిళ్ళు బండి ఎక్కడ పెడతారు సార్?”

“ఇంటి ముందే. గేటు లోపల.”

“గేటుకు తాళం వేస్తారా?”

“గడియ ఉంది. తాళం ఎందుకు?”

ఆమె బండి వెనక్కి వెళ్ళి, పెట్రోలు పోసే చోట వంగి చూసింది. “ఇటు రండి సార్. ఈ గీతలు చూశారా? ఎవరో స్క్రూడ్రైవరు పెట్టి తెరుస్తున్నారు. పైపు వేసి తోడుకుపోతున్నారు. ఇంజన్లోకి వెళ్ళని పెట్రోలు సంగతి పాపం మీటరుకు ఏం తెలుస్తుంది?”

ఇన్‌స్పెక్టరు వంగి చాలాసేపు చూశాడు. ఇక ఈయన చిందులు తొక్కుతాడని ఆమె అనుకుంది. ఆయన ఆ గీతల్ని వేలితో తడిమి చూశాడు.

“గడియ చప్పుడు వినబడేది,” అన్నాడు చివరికి. “గాలనుకున్నాను. ఒక్కోసారి ఎవరిదో దగ్గు కూడా వినబడేది.”

“ఎప్పుడెప్పుడు సార్?”

“వారానికోసారి. తెల్లారి చూస్తే గేటు వేసే ఉంటుంది. ఒకడే అయ్యుంటాడంటావా?”

“ఒకడే అయ్యుంటాడు సార్. ఇద్దరైతే ఇంకా ఎక్కువే పోయేది.”

ఆయన తల పంకించాడు. కేసుకు ఆధారాలు కూడగడుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఆ దొంగ ఎవడో గానీ వాడి పని అయిపోయిందనుకుని, గబగబా లోపలికి వెళ్ళి తాళం చెవి ఉన్న కొత్త మూత ఒకటి పట్టుకొచ్చింది.

“ఇది బిగించామంటే ఇక చుక్క పోదు సార్. రెండుసార్లు ఉత్త చేతులతో పోయాడంటే మళ్ళీ మీ గేటు ముట్టుకోడు.”

ఇన్‌స్పెక్టరు మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవి పెట్టి తిప్పాడు. తాళం గట్టిదే. తీసి, జాగ్రత్తగా ఆ అమ్మాయి చేతిలోనే పెట్టేశాడు.

“వద్దులేమ్మా. మా ఇంటికి వచ్చేది అతనొక్కడే.”