దీపం పెట్టినంక

వీణ వచ్చేసరికి జగదీశ్వర్ అప్పుడే దీపం ముట్టించాడు. అగ్గిపుల్ల వాసన ఇంకా గదిలోనే ఉంది.

చెల్లెలు గడప దగ్గరే నిలబడింది. తలమీది చున్నీని చెంపల మీదికి లాక్కుని ఉంది. చలికాలం కదా అనుకున్నాడు. లోపలికి రమ్మంటే వచ్చింది కానీ కూర్చోలేదు. అమ్మ ఏదని అడిగింది. మేనమామ దినాలకు తాండూరు వెళ్లిందనీ, రేపు మధ్యాహ్నానికి వస్తుందనీ చెప్పాడు.

"అన్నా, కొన్ని పైసలు కావాలె," అంది వీణ.

జగదీశ్వర్ గూట్లో ఉన్న రేకు డబ్బా వైపు చూశాడు. తర్వాత దీపం వైపు చూశాడు. వీణ కూడా అలాగే చూసింది.

హుస్సేనీ ఆలంలోని ఆ ఒంటిగది ఇంట్లో, దేవుడి పటాలకన్నా ఆ డబ్బాకే ఎక్కువ భయపడుతూ పెరిగారు ఇద్దరూ. తల్లి మాణిక్యమ్మ లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజుల మీద అద్దాలు అతికించి ఇచ్చేది. వచ్చిన కూలి ఆ డబ్బాలో వేసేది. దానికి నల్లదారంతో ఒక తాయెత్తు కట్టి ఉండేది. ఎవరో ఫకీరు మంత్రించి ఇచ్చాడని చెప్పేది. పొద్దున ఎవరైనా తీసుకోవచ్చు. ఫీజుకైనా సరే, బియ్యానికైనా సరే. దీపం పెట్టాక మాత్రం అందులో చెయ్యి పెట్టకూడదు. పెట్టినవాళ్లైనా, ఆ పైసలు ముట్టినవాళ్లైనా రక్తం కక్కుకుంటారు.

నిజమేనా అని పిల్లలు ఒకసారి అడిగారు.

"మీ బాపును చూడున్రి," అంది మాణిక్యమ్మ.

అంతకు మించిన సాక్ష్యం వాళ్లకు అక్కర్లేకపోయింది. తండ్రి మొగులయ్య బేగంబజార్‌లో హమాలీ. క్వింటాలు బస్తా ఒక్కడే ఎత్తేవాడు. గల్లీలో ఎవరికీ జంకేవాడు కాదు. అలాంటి మనిషి సాయంత్రం ఆ డబ్బా ముందు నిలబడి, కాసేపు దాన్నే చూసి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. అంతటివాడే భయపడితే ఇక పిల్లలెంత?

మొగులయ్య పోయి చాలా కాలమైంది. నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. జగదీశ్వర్ ఇప్పుడు గాజుల కార్ఖానాలో పని చేస్తున్నాడు. సేఠ్ జీతం ఫోన్‌లో వేస్తానంటే వద్దన్నాడు. చేతికి తీసుకుని, ఇంటికి తెచ్చి డబ్బాలో వేస్తేనే అతనికి అది సంపాదన. తోటి పనివాళ్లు నవ్వేవాళ్లు. ఆ డబ్బా పుణ్యమే, మా ఇంట్లో ఒక్కపూట పస్తు లేదని అతను అనేవాడు. అది నిజం కూడా.

ఎంత కావాలని చెల్లెల్ని అడిగాడు. చెప్పింది. డబ్బాలో అంతకన్నా ఎక్కువే ఉంది. ఎందుకని అడిగితే, చిన్న పని ఉందంది. పక్కింటి రామలింగయ్యను అడిగి తెస్తానన్నాడు. వద్దంది. నలుగురికీ తెలుస్తుందంది.

"పొద్దుగాల రా చెల్లె. నీకన్న ఎక్కువనా పైసలు? మొత్తం తీస్కపో."

వీణ గూటి దగ్గరికి వెళ్లింది. చెయ్యి చాచింది. తాయెత్తును వేలి కొసతో తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాదే తప్పన్నా. దీపం పెట్టినంక అడిగిన. ఫికర్ చెయ్యకు, పొద్దుగాల వస్త."

తిని వెళ్లమన్నాడు. తన పాపను అక్కడ తమ పక్కింట్లో వదిలి వచ్చానంది. గల్లీ చివరిదాకా తోడు వెళ్లి ఆటో ఎక్కించాడు. ఆటో కదిలాక ఆమె తల బయటికి పెట్టి చూసింది.

తెల్లవారాక వీణ రాలేదు. ఆమె పక్కింటివాళ్ల నుంచి ఫోన్ వచ్చింది.

భర్త భిక్షపతి రాత్రి తాగి వచ్చి ఆమెను మెట్ల మీంచి తోసేశాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పోలీసులు అతన్ని తీసుకెళ్లారు. మంచం కింద సర్ది పెట్టిన సంచి ఒకటి దొరికింది. అందులో ఆమెవి రెండు జతలు, మిగతావన్నీ పాప బట్టలు. షోలాపూర్‌లో పని చూసుకుందట. పాపను తీసుకుని ఆ రాత్రి బస్సుకే వెళ్లిపోతానందట. దారి ఖర్చులకు అన్న దగ్గరికి వెళ్లొస్తానని చెప్పిందని పక్కింటావిడ ఏడ్చింది.

శవం మొహం మీది గుడ్డ తీసినప్పుడు జగదీశ్వర్ చెల్లెలి చెంప చూశాడు. కమిలిన గుర్తు అప్పటికే పసుపుపచ్చగా మారి ఉంది. అది నిన్నటిది కాదు.

దినాలు అయిపోయాయి. పాప వీళ్ల దగ్గరికే వచ్చింది. ఒక మధ్యాహ్నం మాణిక్యమ్మ మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. జగదీశ్వర్ ఆమె ముందు కూలబడ్డాడు. ఆ సాయంత్రం వీణ వచ్చిన సంగతి, పైసలు అడిగిన సంగతి, చెయ్యి చాచి వెనక్కి తీసుకున్న సంగతి, అన్నీ చెప్పాడు. అప్పటిదాకా ఆమెకు అవేవీ తెలియవు.

"నేను తీసియ్యలేదమ్మా. దానికేమన్న అయితదని భయపడ్డ," అన్నాడు. "నియమం తప్పలేదు గద మనం. మరి గిట్లెందుకయింది?"

మాణిక్యమ్మ ఆ డబ్బా వైపు చూడలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"నీ తప్పు లేదు కొడుకా," అంది.

ఫకీరూ లేడనీ, మంత్రమూ లేదనీ, రోజూ దీపాల వేళకు తాగుడు పైసల కోసం తనను కొట్టే మొగులయ్యను ఆపడానికి తానే అల్లిన అబద్ధం అదనీ ఆమె ఆ రోజు కూడా చెప్పలేకపోయింది.